రెండు ఎడమ చెప్పులు

మొన్న మాఘమాసంలో ఒక పెళ్లికి వెళ్లాం. సరిగ్గా భోజనాలు ముగించి బయటికొచ్చే వేళకు కల్యాణ మండపంలో కరెంటు పోయింది. చీకట్లో చెప్పుల గుట్టలో కాళ్లతోనే వెతుక్కుని, దొరికినవి తొడుక్కుని ఆటో ఎక్కేశాం. దారి పొడుగునా కుడికాలి బొటనవేలు ఏదో మొరపెట్టుకుంటూనే ఉంది. ఇంటికొచ్చి లైటు వేసి చూస్తే రెండూ ఎడమ చెప్పులే. ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకే సైజు. ఇదే ఊళ్లో ఎవరో పెద్దమనిషి రెండు కుడి చెప్పులతో ఇల్లు చేరి ఉంటాడు.

“రేపు కొత్తవి కొనుక్కోండి” అంది మా ఆవిడ.

“అక్కర్లేదు. ఇందులో ఒకదాన్ని నాలుగో మితిలోకి ఎత్తి తిరగేస్తే కుడి చెప్పు అయిపోతుంది” అన్నాను.

“ఉన్న మూడింట్లో స్కూటరు సరిగ్గా తిప్పండి ముందు. నాలుగోది తర్వాత చూద్దాం” అంది. గేటుకు పడిన గీత సంగతి ఆమె ఇంకా మరిచిపోలేదు.

నేనన్నది కోతలు కాదు. ఒక పాత కాగితం మీద ఎడమపాదం పెట్టి చుట్టూ గీత గీసి, ఆ ఆకారాన్ని కత్తిరించండి. దాన్ని బల్ల మీద ఎటు జరిపినా, ఎన్ని చుట్లు తిప్పినా, బల్లను వదలనంతసేపూ అది ఎడమపాదమే. ఒక్కసారి వేళ్లతో పైకెత్తి బోర్లించండి. కుడిపాదం అయి కూర్చుంటుంది. పొడవు, వెడల్పు తప్ప మరొకటి ఎరగని కాగితపు పాదానికి మనం ఎత్తు అనే మూడో మితిని అప్పిచ్చాం, అంతే. మూడు మితులున్న చెప్పుకు నాలుగోది ఎవరైనా అప్పిస్తే అదీ ఇలాగే తిరగబడుతుంది. ఈ మాట 1827లోనే జర్మన్ గణితవేత్త మోబియస్ రాసిపెట్టాడు. ఒక మెలిక వేసి అతికించిన కాగితపు పట్టీకి తర్వాత పేరిచ్చిన మోబియస్ ఈయనే. అయితే అలాంటి చోటును ఊహించలేం కాబట్టి ఆ పని కుదరదని కూడా వెంటనే తేల్చేశాడు.

చెప్పు బదులు మనిషే తిరగబడితే? 1896లో హెచ్.జి. వెల్స్ అదే కథ రాశాడు. ప్లాట్నర్ అనే బడిపంతులు ఒక పేలుడులో ఎటో ఎగిరిపోయి, కొన్నాళ్లకు తిరిగొస్తాడు. గుండె కుడివైపుకు మారి ఉంటుంది. వెల్స్ ఊసెత్తని చిక్కు ఒకటుంది, అది భోజనం. మన ఒంట్లో అణువులకు కూడా కుడి ఎడమలున్నాయి. తిరగబడిన గ్లూకోజు నాలుకకు తియ్యగానే ఉంటుంది, ఒంటికి మాత్రం పట్టదు. కాబట్టి తిరగబడిన పంతులు మన లడ్డూలు ఎన్ని తిన్నా ఆకలితో మాడాల్సిందే. షుగరున్నవాళ్లకు అలా తిరగబడటం స్వర్గంలా అనిపించవచ్చు.

ఇంతకీ ఆ నాలుగోది ఎటువైపు ఉంది? ఈ ప్రశ్న అడగ్గానే ఒకాయన లేచి “కాలమే కదండీ” అంటాడు. ‘ఆదిత్య 369’ చూసిన తరం మనది, అనకుండా ఎలా ఉంటాం? 1908లో గణితవేత్త మింకోవ్‌స్కీ కాలాన్ని నాలుగో మితిగా స్థలంతో కలిపి లెక్క కట్టిన మాట నిజమే. కానీ ఆ లెక్కలో కాలం ముందు ఒక మైనస్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్నంతకాలం చెప్పును కాలంలోకి తిప్పి కుడిది చేయడం కుదరదు. రేపటిదాకా ఆగితే ఎడమ చెప్పు పాతబడుతుంది తప్ప కుడి చెప్పు అవదు. నాకు కావలసింది అచ్చంగా అడుగుల్లో, అంగుళాల్లో కొలిచే నాలుగో పొడవు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటికీ నిట్టనిలువుగా ఉండాలి. చూపించమంటే చూపించలేను, లెక్కపెట్టమంటే మాత్రం పెట్టగలను.

లెక్క మనకు తెలిసిన అష్టదిక్కుల నుంచే మొదలుపెడదాం. అసలు దిక్కులు నాలుగే. ఈశాన్యం, ఆగ్నేయం లాంటి మూలలు వాటి కలగలుపులు. సూత్రం ఇది: ప్రతి మితిలోనూ ముందుకు వెళ్లొచ్చు, వెనక్కి వెళ్లొచ్చు, కదలకుండా ఉండొచ్చు. రెండు మితులకు మూడు మూళ్లు తొమ్మిది. ఎటూ కదలనిది బ్రహ్మస్థానం, దాన్ని తీసేస్తే ఎనిమిది దిక్కులు. పైనా కిందా చేర్చి మూడు మితులు చేస్తే 27లో ఒకటి పోగా 26. మనవాళ్లు పది దిక్కులతో సరిపెట్టుకుని మిగతా పదహారింటినీ దిక్కులేనివిగా వదిలేశారు. నాలుగు మితులకు వస్తే 81లో ఒకటి పోగా 80.

ఎనభై దిక్కులు, వాటికి ఎనభైమంది దిక్పాలకులు! వంటగది ఏ మూల పెట్టాలో చెప్పడానికి వాస్తు పండితుడికి ఒక పూట చాలదు, ఫీజు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. వాస్తు మండలాల్లోనూ 81 పదాలది ఒకటుంది. అది తొమ్మిదిని తొమ్మిదితో హెచ్చవేసింది, ఇది మూడును నాలుగుసార్లు హెచ్చవేసింది. ఈ పోలిక చూసి మన పూర్వీకులకు నాలుగో మితి ముందే తెలుసని వాట్సాప్‌లో పంపకండి. నా పేరు మాత్రం అసలే వద్దు.

ఆ ఎనభైలో ఒక సరదా దాగుంది. చతురస్రపు గదికి నాలుగు గోడలు, నాలుగు మూలలు. కలిపితే ఎనిమిది దిక్కులు. ఘనానికి ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది శీర్షాలు, కలిపితే 26. అంటే పెట్టెలోని ప్రతి భాగానికీ ఒక దిక్కుంది. ఇప్పుడు నాలుగు మితుల పెట్టెను ముగ్గులా వేసుకుందాం. ఒక చుక్కను జరిపితే గీత, గీతను పక్కకు జరిపితే చతురస్రం, చతురస్రాన్ని పైకి జరిపితే ఘనం. జరిపిన ప్రతిసారీ చుక్కలు రెట్టింపవుతాయి: 1, 2, 4, 8. ఘనాన్ని ఆ చూపించలేని వైపుకు జరిపితే పదహారు చుక్కలు. పాత ఘనానికి పన్నెండు అంచులు, కొత్తదానికి పన్నెండు, పాత చుక్కను కొత్త చుక్కతో కలిపే గీతలు ఎనిమిది, మొత్తం 32. అలాగే చదరపు ముఖాలు 24, వాటికి హద్దుగా ఘనాలు 8. అన్నీ కూడండి. ఎనిమిది, ఇరవై నాలుగు, ముప్ఫై రెండు, పదహారు. ఎనభై! కంటికి కనపడని వస్తువుకు ఇంత పక్కాగా లెక్క కుదరడం నాకు కొంచెం అన్యాయంగా తోస్తుంది. కంటికి కనపడే ఇంటి ఖర్చులకు ఏ నెలా కుదిరింది లేదు.

ఈ పెట్టె పేరు టెసరాక్ట్. పదహారు చుక్కలు, ముప్ఫై రెండు గీతలే కాబట్టి వచ్చే సంక్రాంతికి వాకిట్లో వేసుకోవచ్చు. ఒక ఘనం బొమ్మ గీసి, కాస్త పక్కన ఇంకొకటి గీసి, చుక్కకు చుక్క కలిపితే చాలు. పక్కింటివాళ్లు ఏమిటని అడిగితే నిజం చెప్పండి, మళ్లీ అడగరు.

మిఠాయి అట్టపెట్టె అంచులు విప్పి పరిస్తే ఆరు చతురస్రాల అట్ట వస్తుంది. బడి పుస్తకాల్లో దీన్నే వలరూపం అంటారు. ఘనాన్ని ఇలా పదకొండు రకాలుగా విప్పొచ్చు. టెసరాక్ట్‌ను విప్పితే ఎనిమిది ఘనాలు ఒకదానికొకటి అంటుకుని మన లోకంలో పరుచుకుంటాయి. ఆ విప్పడాలు 261 రకాలని 1980లలో పీటర్ టర్నీ లెక్క తేల్చాడు. అందులో శిలువలా ఉండే ఒకదాని మీద 1954లో సాల్వడార్ డాలీ క్రీస్తు చిత్రం గీశాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అంతకుముందే, 1941లో, రాబర్ట్ హైన్‌లైన్ అదే ఆకారాన్ని ఇల్లుగా కట్టించాడు, కథలోనే లెండి. కాలిఫోర్నియాలో ఒక ఆర్కిటెక్టు ఎనిమిది గదుల ఇల్లు కడితే, భూకంపం వచ్చి అది మడతపడి నిజం టెసరాక్ట్ అయిపోతుంది. బయటినుంచి చూస్తే ఒకటే గది. లోపలికి వెళ్లినవాళ్లు ఏ తలుపు తీసినా మళ్లీ ఆ ఇంట్లోనే తేలతారు. మా అపార్టుమెంటు బిల్డరుకు ఈ కథ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

అయినా అక్కడ ఇల్లు కొనేవాళ్లకు రెండు మాటలు. లాభం మొదట. పదడుగుల గదిలో మన దగ్గర మూల నుంచి ఎదురు మూలకు పదిహేడు అడుగుల పైచిలుకు పొడవే పడుతుంది. నాలుగు మితుల్లో సరిగ్గా ఇరవై అడుగులు, పైన ఒక్క అంగుళం కూడా మిగలదు. వెదురు నిచ్చెన పెట్టుకోవడానికి వసారా వెతుక్కోనక్కర్లేదు. అక్కడ నేల కూడా మూడు మితులది కాబట్టి ప్లాట్లు చదరపు గజాల్లో కాక ఘనపు గజాల్లో అమ్ముతారు. నేల మీదే అంత చోటుంటే రోడ్లు ఒకదాన్నొకటి ఖండించుకోవలసిన పనే ఉండదు. చౌరస్తా లేదు, సిగ్నలు లేదు, ఫ్లైఓవరు శంకుస్థాపన లేదు. నష్టం ఏమిటంటే, సూర్యుడి ఆకర్షణ అక్కడ దూరపు వర్గంతో కాక ఘనంతో తగ్గుతుంది. అలాంటి చోట గ్రహం కక్ష్యలో కుదురుగా తిరగలేదని 1917లో భౌతిక శాస్త్రజ్ఞుడు ఎరెన్‌ఫెస్ట్ చూపించాడు. చిన్న కుదుపు తగిలితే సూర్యుడిలోనైనా పడుతుంది, చీకట్లోకైనా ఎగిరిపోతుంది. గృహరుణం ఇరవయ్యేళ్లకు తీసుకోకండి.

బీరువాకు తాళం వేయడమూ దండగే. కాగితం మీద గీసిన గడిలోని చీమ, గీత దాటకుండా బయటికి రాలేదనుకుంటుంది. మనం పైనుంచి తీసేస్తాం. అలాగే నాలుగో వైపునుంచి వచ్చినవాడికి బీరువా తలుపు మూసి ఉన్నా నట్టిల్లే. టెంకాయ కొట్టకుండా కొబ్బరి తీసుకుపోగలడు.

ఇంకొక చిక్కు కాస్త సున్నితమైనది. దారాన్ని దారం దాటకపోవడమే ముడి. నాలుగు మితుల్లో దారాన్ని ఒకింత ఆ కొత్త వైపుకు తప్పించి, రెండో దారాన్ని దాటించి, మళ్లీ యథాస్థానంలో పెట్టేయవచ్చు. ఎంత గట్టి ముడి అయినా జారిపోతుంది. మరి పెళ్లిలో మూడు ముళ్లు? నిలవవు. పురోహితుడు మంత్రం మార్చినా లాభం లేదు. అక్కడ ముడి పడాలంటే దారం చాలదు, బెలూను లాంటి ఉపరితలం కావాలి. వాటికి మాత్రం నాలుగు మితుల్లో విప్పలేని ముళ్లు పడతాయి.

ముళ్లు జారే ఈ సంగతి మీద ఒక మోసగాడు కొన్నాళ్లు బతికాడు. హెన్రీ స్లేడ్ అనే అమెరికన్ ఆత్మలతో మాట్లాడతానని లండన్ చేరి, 1876లో కోర్టులో దోషిగా తేలి, అప్పీలులో సాంకేతిక కారణంతో బయటపడి జర్మనీ చేరాడు. అక్కడ లైప్‌జిగ్‌లో చోల్‌నర్ అనే ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుడు దొరికాడు. 1877 డిసెంబరులో రెండు కొసలూ కలిపి లక్క ముద్ర వేసిన దారం మీద స్లేడ్ ముళ్లు తెప్పించాడు. ఇది నాలుగో మితిలో ఉండే ఆత్మల పనేనని ప్రొఫెసరు గారు మురిసిపోయారు. తర్వాత ఇంకా కఠినమైన పరీక్ష పెట్టారు: విడివిడి చెక్క కడియాలు రెండింటిని పగలకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చాలి. కడియాలు ఒకదాంట్లో ఒకటి దూరలేదు గానీ బల్ల కాలికి తగులుకుని కనపడ్డాయి. అడిగింది ఒకటి, జరిగింది మరొకటి. అయినా ప్రొఫెసరు గారి నమ్మకం చెక్కు చెదరలేదు. నన్నడిగితే ఆ ముళ్లకు ఆత్మలూ అక్కర్లేదు, నాలుగో మితీ అక్కర్లేదు. ముందే ముళ్లు వేసిన ఇంకో దారం జేబులో ఉంటే చాలు.

ముళ్లు నిలవని లోకానికి అసలైన ప్రచారకుడు మాత్రం చార్లెస్ హోవర్డ్ హింటన్. టెసరాక్ట్ అనే మాటను 1888లో పుట్టించింది ఆయనే. చూపించలేని ఆ రెండు వైపులకూ ‘ఆనా’, ‘కాటా’ అని నామకరణం చేసింది కూడా ఆయనే. కింద చెప్పబోయేది నేను కల్పించింది కాదు: 1886లో ఈ లెక్కల మాస్టారికి ఇద్దరు భార్యలున్నారని బయటపడి, కోర్టు మూడు రోజులు జైల్లో పెట్టింది. ఉద్యోగం పోయింది. జపాను వెళ్లి పాఠాలు చెప్పుకుని, తర్వాత అమెరికాలో ప్రిన్స్‌టన్ చేరి, 1897లో తుపాకి మందుతో బేస్‌బాల్ బంతులు విసిరే యంత్రం తయారుచేశాడు. ఎదురుగా నిలబడి బ్యాటు పట్టుకున్న కుర్రాళ్లకు ఆనా కాటా దిక్కులు ఆ యంత్రమే చూపించి ఉంటుంది.

నాలుగో మితిని మనసులో చూడటం సాధనతో వస్తుందని హింటన్ నమ్మకం. అందుకు 81 రంగుల ఘనాలు తయారుచేసి, ప్రతిదానికీ పేరుపెట్టి, ఎక్కాల్లా బట్టీపట్టమన్నాడు. పైన మన ఎనభై దిక్కులూ బ్రహ్మస్థానమూ కలిపితే వచ్చిన సంఖ్యే ఇది. మూడు పక్కన మూడు చొప్పున నాలుగు వైపులకూ పేర్చితే అన్నే వస్తాయి మరి.

ఆ ఘనాలు హింటన్ అత్తవారింట్లో ఒకమ్మాయికి నిజంగానే పట్టుబడ్డాయి. హింటన్ మొదటి భార్య మేరీ, తర్కాన్ని గణితంగా మార్చిన జార్జి బూల్ కూతురు. ఆమె చెల్లెలు అలీసియా. నాలుగేళ్ల వయసులో తండ్రి పోయాడు. కాలేజీ చదువు లేదు. తల్లి మేరీ ఎవరెస్టుకు స్వయానా పెదనాన్న జార్జి ఎవరెస్టు, ఎవరి పేరు శిఖరానికి పెట్టారో ఆయన. పడుచు వయసులో మన కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వే చేస్తూ విషజ్వరం తెచ్చుకుని కోలుకోవడానికి దక్షిణాఫ్రికా వెళ్లాడు. ఈ కుటుంబంలో కొలతల పిచ్చి ఎంత దూరం పాకిందో చెప్పడానికే ఆయన్ని లాక్కొచ్చాను.

అలీసియా ఏం చేసిందో చెప్పాలంటే లడ్డూలు కావాలి. పెళ్లివారిచ్చిన తాంబూలం సంచీలో ఉన్నాయి. ముందు పళ్లెంలో నాలుగు పూరీలు చదరంగా ఆనించి పెట్టండి. నడుమ సందులో, పూరీ వ్యాసంలో 41 శాతం ఉన్న బుల్లి పూరీ పడుతుంది. పెట్టెలో పొరకు నాలుగు చొప్పున రెండు పొరలుగా ఎనిమిది లడ్డూలు పెడితే, నడుమ సందులో 73 శాతం లడ్డూ పడుతుంది. నాలుగు మితుల పెట్టెలో పదహారు లడ్డూలు పెడితే? నడుమ సందులో సరిగ్గా అంతే సైజున్న మరో లడ్డూ పడుతుంది. వెంట్రుకవాసి తేడా లేదు. పదహారు లడ్డూల పెట్టెలో పదిహేడోది కొసరు! పది మితులకు వెళ్తే నడిమి లడ్డూ పెట్టె గోడలు చీల్చుకుని బయటికొస్తుంది, అంత దూరం మనకొద్దు. అలాగని అక్కడి మిఠాయి కొట్టువాడు నష్టపోడు. ఒకే లడ్డూ బిగువుగా పట్టే పెట్టెలో మన దగ్గర 52 శాతం లడ్డూ, మిగతాది గాలి. అక్కడ లడ్డూ 31 శాతమే.

పెట్టె గోడలు తీసేసి అలాంటి పెట్టెలే అన్నివైపులా చేర్చితే, ఎనిమిది గోడలుండే చోట్ల కూడా ఇలాంటి సందులే తేలి, ఒక్కోదాంట్లో ఒక్కో లడ్డూ పడుతుంది. నడిమి లడ్డూను ఇప్పుడు తాకేవి పదహారూ ఎనిమిదీ, ఇరవై నాలుగు. మన లోకంలో ఒక బంతిని అదే సైజు బంతులు ఎన్ని తాకగలవన్న విషయమై 1694లో న్యూటన్‌కూ గణితవేత్త గ్రెగరీకీ వాదం జరిగింది. న్యూటన్ పన్నెండన్నాడు, అదే నెగ్గింది. నాలుగు మితుల్లో ఇరవై నాలుగుకు మించి కుదరదని 2003లో ఒలెగ్ మూసిన్ నిరూపించాడు.

ఆ ఇరవై నాలుగు లడ్డూల నడిమి బిందువులను గీతలతో కలిపితే ఒక అందమైన ఆకారం వస్తుంది. అన్ని ముఖాలూ అన్ని మూలలూ ఒకే తీరుగా ఉండే ఘనరూపాలు మనకు ఐదే. నాలుగు మితుల్లో ఆరు. ఐదు మొదలుకొని ఎన్ని మితులకు పోయినా మూడే. ఆ ఆరింటిలో ఐదింటికి మన లోకంలో చుట్టాలున్నారు. ఈ ఇరవై నాలుగు మూలల ఆకారానికి మాత్రం కింద ఎవరూ లేరు, పైన ఎవరూ లేరు, నాలుగు మితుల్లోనే పుట్టి అక్కడే ఉండిపోయింది. ఆరింటినీ స్విట్జర్లాండులో గణితవేత్త ష్లాఫ్లీ 1850ల మొదట్లోనే కనిపెట్టాడు గానీ, ఆయన రాసింది పూర్తిగా అచ్చయ్యేసరికి 1901 వచ్చింది, ఆయన పోయి ఆరేళ్లయింది. అదేమీ తెలియని అలీసియా ఇంట్లో కూర్చుని తనంతట తానే ఆరింటినీ పట్టుకుంది. పిల్లల్ని పెంచుకుంటూ, ఆ ఆకారాలు మన లోకంలోంచి దాటిపోతే కనిపించే ముక్కల్ని అట్టలతో కత్తిరించి అతికించింది. ఉల్లిపాయ చక్రాలు చూసి ఉల్లిపాయను ఊహించడం లాంటిదే, కాకపోతే ఒక మితి ఎక్కువ. డచ్చి ప్రొఫెసరు స్ఖౌటె అవే ముక్కల్ని లెక్కలు కట్టి గీసి అచ్చేశాడని తెలిసి తన నమూనాల ఫొటోలు పంపితే, రెండూ సరిపోయాయి. 1914లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆమె బావ పుస్తకాలు రాశాడు, స్లేడ్ దారాలు మార్చాడు. చూడగలిగిందెవరంటే నేను ఈవిడ పేరే చెబుతాను.

ఇదంతా మా ఆవిడకు రెండు రోజులపాటు చెప్పాను. లడ్డూల దగ్గర మాత్రం శ్రద్ధగా విని, చివర్లో ఒక ప్రశ్న వేసింది. “అయితే ఆ లోకంలో పెళ్లికెళ్లి చెప్పులు మార్చుకున్నవాళ్ల సంగతేంటి? వాళ్లు ఇట్టే తిరగేసుకుంటారా?” తిరగేసుకోలేరు. మన చెప్పుల్నయితే తిరగేస్తారు గానీ, వాళ్ల చెప్పులు నాలుగు మితులవి. వాటికీ కుడి ఎడమలుంటాయి, ఒకదాన్ని రెండోది చేయాలంటే ఐదో మితి కావాలి.

మూడో రోజు పొద్దున్నే కల్యాణ మండపం వాచ్‌మన్ ఫోన్ చేశాడు. “సార్, రెండు కుడి చెప్పులతో ఒకాయన వచ్చి కూర్చున్నారు, మీవి ఎడమవేనా?”